మందు డాక్టరుది, మాట ఇంటివాళ్లది

కాలు విరిగితే కాలు విరిగిందనే అంటాం. కట్టు కట్టించి, మంచం మీద పడుకోబెట్టి, పాలూ పళ్లూ ఇస్తాం. మనసు చెదిరిన మనిషికి మాత్రం ఆ మర్యాద దక్కదు. పొగరంటాం, సోమరితనమంటాం, గాలి సోకిందంటాం, ఎవరో చేతబడి చేశారంటాం. పెళ్లి చేస్తే అదే కుదురుతుందని కూడా అంటాం. చివరికి డాక్టరుగారి దగ్గరికి తీసుకువెళ్లినా, ఆయన రాసిన మాత్రలు నాలుగు వారాలు మింగించి, "తగ్గింది కదా, ఇంకెందుకు?" అని మానిపిస్తాం. జబ్బు తిరగబెట్టినప్పుడు తప్పు మాత్రల మీదికి నెడతాం.

ఇవన్నీ నేను పుస్తకంలో చదివి రాస్తున్న మాటలు కావు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో మానసిక వైద్యుల గదికి పక్క గదిలో కూర్చుని, ముప్పయ్యేళ్లకు పైగా వింటున్నవి. నేను డాక్టర్ని కాను. మందు రాయను, ఇంజెక్షను చెయ్యను. నా ఉద్యోగం పేరు సైకియాట్రిక్ సోషల్ వర్కర్. అమెరికాలో ఇలాంటి పని చేసేవాళ్లను క్లినికల్ సోషల్ వర్కర్లంటారు. ఆ పేరు పలకడం కష్టం కనక మా దగ్గరికి వచ్చేవాళ్లు నన్ను "డాక్టరమ్మా" అనే పిలుస్తారు. కాదని చెబితే కాస్త అనుమానంగా చూస్తారు. ఒక ముసలావిడ నన్ను ఎగాదిగా చూసి, "మరి నువ్వేం జేస్తవు బిడ్డా?" అని అడిగింది.

"మాట్లాడతాను పెద్దమ్మా" అన్నాను.

"గంత మాత్రానికి ఇంత దూరం రావాల్నా? మా ఇంట్ల మాట్లాడెటోళ్లు తక్కువున్నరా?" అంది.

ఆవిడ ప్రశ్నకు ఈ వారం జవాబు చెబుతాను. ఇంట్లో మాట్లాడేవాళ్లు ఎప్పుడూ ఎక్కువే. ఏ మాట జబ్బును పెంచుతుందో, ఏ మాట తగ్గిస్తుందో తెలిసినవాళ్లే తక్కువ.

ఈ పని ఎలా పుట్టింది?

1905లో అమెరికాలోని బోస్టన్ నగరంలో, మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో రిచర్డ్ కాబట్ అనే డాక్టరు వుండేవారు. తాను మందు రాసి పంపిన మనుషులే అదే జబ్బుతో మళ్లీ మళ్లీ రావడం ఆయన గమనించారు. బలమైన తిండి తినమని, విశ్రాంతి తీసుకోమని చెబితే సరిపోతుందా? ఇంట్లో తిండి లేనివాడు, పనికి వెళ్లకపోతే పూట గడవనివాడు ఆ సలహాను ఏం చేసుకుంటాడు? అంచేత ఆయన రోగుల ఇంటి పరిస్థితి తెలుసుకోవడానికి ఆస్పత్రిలో సోషల్ వర్కర్లను పెట్టారు. కొన్నేళ్లలో ఆ పద్ధతి మానసిక వైద్యంలోకీ వచ్చింది. మన దేశంలో 1936లో బొంబాయిలో మొదలైన సర్ దొరాబ్జీ టాటా స్కూలు ఈ చదువుకు పునాది వేసింది. అదే తరువాత టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అయింది.

మనవాళ్లు ఈ విషయంలో తెల్లవాళ్లకే పాఠం చెప్పిన సందర్భం ఒకటి వుంది. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆస్పత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆస్పత్రి ఆవరణలో గుడారాలు వేయించారు. రోగితోపాటు తల్లినో, భార్యనో, అన్ననో అందులో వుండమన్నారు. ఆ రోజుల్లో పిచ్చాసుపత్రి అంటే ఎత్తయిన గోడ. లోపలికి వెళ్లినవాడు ఇంటికి పరాయివాడైపోయేవాడు. గుడారంలో వుండి, జబ్బు తగ్గడం కళ్లారా చూసిన తల్లికి భయం పోయింది. ఇంటికి వెళ్లాక ఏం చెయ్యాలో తెలిసింది. ఆ తరువాత వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలోనూ, బెంగళూరు నిమ్‌హాన్స్‌లోనూ ఇంటివాళ్లను వెంట వుంచే పద్ధతి సాగింది.

నేను హైదరాబాదులో ఎమ్మెస్‌డబ్ల్యూ చదివి, 1980ల చివర నిమ్‌హాన్స్‌లో రెండేళ్ల ఎంఫిల్ చేశాను. తరువాత కొన్నాళ్లు హైదరాబాదులోనే పనిచేశాను. అప్పట్లో మా నల్గొండ జిల్లా మనుషులు తెల్లవారకముందే బస్సెక్కి, గౌలిగూడలో దిగి, అక్కణ్ణుంచి సిటీబస్సులో ఎర్రగడ్డకు చేరేవాళ్లు. సూర్యాపేట నుంచి హైదరాబాదు సుమారు 135 కిలోమీటర్లు. ఇద్దరి ఛార్జీలు, ఒక రోజు కూలి, దారిలో తిండి. మొదటి నెల వచ్చేవాళ్లు, రెండో నెల వచ్చేవాళ్లు, మూడో నెల కనిపించేవాళ్లు కాదు. ఆరో నెలలో జబ్బు ముదిరాక, కాళ్లూ చేతులూ కట్టేసి జీపులో వేసుకువచ్చేవాళ్లు. వాళ్లు రాలేకపోతే మనమే వెళ్లాలి కదా అనిపించి, 1990ల మొదట్లో మా జిల్లాకు వచ్చేశాను. అప్పటినుంచీ వారంలో కొన్ని రోజులు సూర్యాపేట, ఒక రోజు కోదాడ, ఒక రోజు మిర్యాలగూడ. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి బస్సులో గంటో, గంటన్నరో.

ఇప్పుడు రోజులు మారాయి. 2016లో సూర్యాపేట జిల్లా అయింది. కోదాడ అందులోకి వెళ్లింది, మిర్యాలగూడ నల్గొండ జిల్లాలోనే వుండిపోయింది. 2019లో సూర్యాపేటలోనూ, నల్గొండలోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. మందు దగ్గరికి వచ్చింది. మాట సంగతి మాత్రం ఇంకా చెప్పుకోవలసే వుంది.

మొదటి రోజు ఏం అడుగుతాను?

జబ్బు పేరు డాక్టరుగారు తేలుస్తారు. నేను ఒక తెల్ల కాగితం తీసుకుని ఇంటి బొమ్మ వేస్తాను. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు సున్నా. ఎవరు ఎవరికి ఏమవుతారు, ఒకే పొయ్యి మీద తింటున్నారా వేరు పడ్డారా, డబ్బు ఎవరి చేతిలో వుంటుంది, ఈ మనిషిని పొద్దున్నే ఎవరు లేపుతారు, రోజు మొత్తంలో ఇతను కోపం లేకుండా మాట్లాడేది ఎవరితో అని అడుగుతాను. ఈ ఆఖరి ప్రశ్నకు వచ్చే జవాబు చాలాసార్లు ఇంటి పెద్ద పేరు కాదు. చిన్న మరదలో, పక్కింటి తాతో, ఒక్కొక్కసారి బర్రెదూడో అవుతుంది. నా పని అక్కడ మొదలవుతుంది. మాత్ర అందించే చెయ్యి ఆ చెయ్యి అయితే జబ్బు మనిషి కాదనడు. దూడ మాత్ర ఇవ్వలేదు కాని, దాన్ని మేతకు తోలుకుపోయే పని ఆ మనిషిని పొద్దున్నే మంచం మీద నుంచి లేపగలదు.

తరువాత ఇంటివాళ్లను బయటికి పంపి, జబ్బు మనిషితో విడిగా మాట్లాడతాను. ఎంత మాట తప్పినవాడైనా, అతని ఎదుట అతని గురించి ఇంకొకరిని అడగడం అవమానమే. వీలైతే ఇంటికి వెళతాను. మంచం ఎక్కడ వేశారో చూస్తాను. నడింట్లో వుందా, వసారాలోకి వచ్చిందా, పశువుల కొట్టంలోకి చేరిందా? కంచం అందరితోపాటు వుందా, విడిగా బోర్లించి వుందా? ఈ రెండూ చూస్తే ఆ ఇల్లు ఎంత అలసిపోయిందో తెలుస్తుంది. అలిసిపోయినవాళ్లను తప్పుపట్టి లాభం లేదు. రాత్రిళ్లు నిద్ర లేకుండా కొడుకును కాపలా కాసిన తల్లికి ఓపిక గురించి ఉపన్యాసం ఇవ్వకూడదు. ముందు ఆవిడ రెండు రాత్రులు నిద్రపోయే ఏర్పాటు చూడాలి.

ఇంటి వేడి

లండన్‌లో జార్జి బ్రౌన్ అనే పరిశోధకుడు, ఆయన తరువాత క్రిస్టీన్ వాన్, జూలియన్ లెఫ్ అనేవాళ్లు స్కిజోఫ్రీనియా రోగులను ఆస్పత్రి నుంచి ఇంటికి పంపాక ఏమవుతున్నదో చూశారు. ఎప్పుడూ సణిగే ఇంట్లో, ఈసడించే ఇంట్లో, లేదా పాతికేళ్లవాణ్ణి పసిపిల్లవాడిలా కనిపెట్టుకుని వుండే ఇంట్లో జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా వుంది. అలాంటి ఇంట్లో వారానికి 35 గంటలకు మించి ఎదురుబొదురుగా గడిపినవాళ్లకు ముప్పు ఇంకా పెరిగింది. తరువాత డాక్టర్ విగ్, లెఫ్, వారి సహచరులు చండీగఢ్‌లో ఇదే పరీక్ష చేసి 1987లో ఫలితాలు ప్రకటించారు. లండన్ కుటుంబాలతో పోలిస్తే మన కుటుంబాలలో ఈసడింపు చాలా తక్కువని తేలింది.

ఇంటివాళ్ల వల్లే ఈ జబ్బు వస్తుందని దీని అర్థం కాదు సుమండీ. స్కిజోఫ్రీనియా మెదడుకు సంబంధించిన జబ్బు. ఏ తల్లీ తన మాటతో దాన్ని పుట్టించలేదు. కాని పుండు మీద ఉప్పు చల్లితే మండుతుంది కదా! నేను దీన్ని "ఇంటి వేడి" అంటాను. మందు ఆపకుండా ఇంటి వేడి తగ్గించడమే నా వైద్యం.

అది ఎలా తగ్గుతుంది? "తిండి దండగ, లేవరా!" అనే తండ్రిని "పాలకేంద్రానికి పోయి వస్తావా?" అని అడగమంటాను. మొదటి వారం పాలకేంద్రం, రెండో వారం బర్రెను కడగడం, మూడో వారం మేనమామ హోటల్లో రెండు గంటలు గ్లాసులు అందించడం. పని వల్ల జబ్బు మనిషికి కాస్త ధైర్యం వస్తుంది. అంతకన్నా ముఖ్యం, తండ్రీ కొడుకులు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చునే గంటలు తగ్గుతాయి. చూశారా, లండన్ లెక్కలోని 35 గంటలు మన ఊళ్లో పాలకేంద్రం దగ్గర తగ్గుతాయి!

పెళ్లి మందు కాదు

ఇప్పుడొక ఇంటి సంగతి చెబుతాను. పేర్లు చెప్పను, గుర్తులు కొంచెం మార్చాను. సూర్యాపేట పక్క పల్లె. ఒక్కడే కొడుకు. ఇరవై మూడో ఏట స్కిజోఫ్రీనియా వచ్చింది. పొలం గట్ల మీద ఎవరో తనను తిడుతున్నట్టు వినిపించేది. తల్లి మొక్కని దేవుడు లేడు, కట్టని తాయెత్తు లేదు. మొక్కులు మానమని నేనెప్పుడూ అనను. "మొక్కు మొక్కండి, మాత్ర కూడా వెయ్యండి" అంటాను. మాత్రలు పడ్డాక గొంతులు ఆగిపోయాయి. కుర్రవాడు ట్రాక్టరు నడపసాగాడు. వెంటనే ఇంట్లో పెళ్లి మాట మొదలైంది.

పిల్లవాళ్ల తరఫువాళ్లు చూడవచ్చి, ఇంట్లో పది రోజులు చుట్టాలుగా వున్నారు. మాత్ర వేస్తే వాళ్ల కంట పడుతుందని తల్లి ఆ పది రోజులూ మాత్రలు దాచేసింది. చుట్టాలు వెళ్లాక కొన్ని వారాలకే గొంతులు తిరిగి వచ్చాయి. ఆ సంబంధం పోయింది. మళ్లీ మందులు పెట్టి బాగుచేశాక, ఇంకో సంబంధం వచ్చింది. ఈసారి తల్లి నా దగ్గరికే వచ్చింది. "అడుగనీకి ఎవలన్న వస్తే ఏం లేదని చెప్పు మేడం. ఆడిపిల్ల ఇంట్లకొస్తే పిల్లగాడు కుదురుకుంటడు. నీ కాళ్లు మొక్కుత" అంది.

ఇక్కడ నాలాంటివాళ్లకు రెండు ధర్మాలు అడ్డం పడతాయి. రోగి రహస్యం బయటపెట్టకూడదు. అలాగని, తెలియని ఒక ఆడపిల్ల జీవితం మీద అబద్ధం చెప్పకూడదు. నేను తల్లితో, "వాళ్లొస్తే వుందనీ చెప్పను, లేదనీ చెప్పను. చెప్పవలసినవాళ్లు మీరు" అన్నాను. తరువాత కుర్రవాణ్ణి విడిగా కూర్చోబెట్టి, "నీకేమనిపిస్తోంది?" అని అడిగాను. అప్పటిదాకా అతన్ని ఎవరూ అడగలేదు. కాసేపు నేల చూసి, "పెండ్లయినంక రోజూ రాత్రి మాత్ర ఏడ దాసుకొని మింగాలె మేడం?" అన్నాడు.

నేను తల్లిదండ్రులను లోపలికి పిలిచి, ఆ మాట మళ్లీ చెప్పమన్నాను. అతను చెప్పాడు. తల్లి ఏడ్చింది. తండ్రి అంతవరకూ ఏమీ మాట్లాడనివాడు, "చెప్దాం. పోతే పోతది" అన్నాడు. చెప్పారు, సంబంధం పోయింది. తల్లి ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. నెలనెలా కొడుకును మాత్రం మందులకు పంపుతూనే వుంది.

రెండేళ్లకు మూడో సంబంధం వచ్చింది. ఈసారి మొదటి రోజే చెప్పారు. పిల్ల తండ్రి, కుర్రవాడి అనుమతితోనే, నా దగ్గరికి వచ్చి మూడు ప్రశ్నలడిగాడు. కొడతాడా? పిల్లలకొస్తుందా? ఎన్నేళ్లు మింగాలి? మందు తప్పకుండా వాడేవాడు ఈ జబ్బు మూలంగా చెయ్యి చేసుకోవడం అరుదన్నాను. ఈ జబ్బు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు నూటికి ఒకరికి వస్తుంది. తల్లిదండ్రులలో ఒకరికి వుంటే పిల్లలకు నూటికి సుమారు పదిమందికి రావచ్చు, తొంభైమందికి రాదు. మందు చాలా ఏళ్లు అవసరం. ఎప్పుడు తగ్గించాలో డాక్టరుగారే చెప్పాలి. ఆయన ఇంటికి వెళ్లి కూతుర్ని అడిగాడు. పెళ్లి జరిగింది. మాత్రల డబ్బా వాళ్లింట్లో టీవీ పక్కనే వుంటుంది.

చదువరులు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. పెళ్లి ఏ మానసిక జబ్బుకూ మందు కాదు. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, నిద్ర లేని రాత్రులు జబ్బును రేపుతాయి కూడా. ముఖ్యమైన సంగతి దాచి, మోసంతో ఒప్పించి చేసిన పెళ్లిని 1955 నాటి హిందూ వివాహ చట్టం కింద కోర్టు రద్దు చెయ్యవచ్చు. మందు వాడుతున్నది ఆడపిల్ల అయితే, గర్భం రాకముందే డాక్టరుగారితో మాట్లాడి మందులు సరిచేయించుకోవాలి. గర్భం రాగానే భయపడి అన్నీ ఒక్కసారి మానెయ్యడం ప్రమాదం.

కోదాడలో: తాగేవాడు రాకపోతే?

కోదాడ హైవే మీద ఊరు. అవతల అడుగు వేస్తే ఆంధ్ర. మాట కూడా అక్కడ సగం అటుది, సగం ఇటుది. లారీలు నడిపేవాళ్లు, సిమెంటు ఫ్యాక్టరీలకు వెళ్లేవాళ్లు ఎక్కువ. అక్కడ నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది తాగేవాళ్లు కాదు, వాళ్ల భార్యలు. "ఆయన రాడండీ. నేనేం చెయ్యను?" అంటారు. వచ్చింది భార్య అయితే వైద్యం భార్యతోనే మొదలుపెడతాను. తాగి వున్నప్పుడు వాదించవద్దు. వాంతి కడిగి, యజమానికి ఫోను చేసి "జ్వరం" అని అబద్ధం చెప్పి కాపాడవద్దు. పొద్దున్నే మత్తు దిగాక, పిల్లలు లేని చోట, నిన్న ఏం జరిగిందో తిట్టకుండా చెప్పాలి. కొట్టే మనిషి అయితే ఎక్కడికి వెళ్లాలో, ఎవరి నంబరు దగ్గర వుంచుకోవాలో ముందే అనుకోవాలి.

ఇలా చేయగా, ఒక డ్రైవరు నాలుగో నెలలో తనంతట తాను వచ్చాడు. "మా ఆవిడ కేకలేయడం మానేసిందండీ. నాకు భయమేసింది" అన్నాడు.

రెండు హెచ్చరికలు. మొదటిది: చాలా ఏళ్లుగా రోజూ తాగేవాణ్ణి ఇంట్లో పెట్టి గొళ్లెం వేసి మాన్పించకండి. మానిన కొన్ని గంటలకే వణుకు, చెమటలు మొదలవుతాయి. ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజుల్లో లేనివి కనిపించి, ఒళ్లు తెలియని స్థితి రావచ్చు. ప్రాణాపాయం కూడా. డాక్టరుగారి పర్యవేక్షణలోనే మాన్పించాలి. కల్తీ కల్లుకు అలవాటుపడ్డవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. అందులో నిద్రమందులు కలుపుతారు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు, ఒక్కసారిగా కల్లు దొరకక ఎంతోమంది ఆస్పత్రుల పాలయ్యారు.

రెండవది: "తెలియకుండా కూరలో కలిపి పెట్టండి" అని అమ్మే మందుల జోలికి పోకండి. అలాంటివాటిలో డైసల్ఫిరామ్ వుంటే, అది కడుపులో వుండగా తాగినవాడికి రక్తపోటు పడిపోయి, గుండెకు ప్రమాదం రావచ్చు. డాక్టర్లు ఈ మందును వాడతారు. రోగికి చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేసి వాడతారు. కూరలో మందు కలిపినట్టు తెలిసిన రోజున ఆ మనిషి ఇంట్లో అన్నం తినడం కూడా మానేస్తాడు.

మిర్యాలగూడలో: ఒళ్లంతా మంటలు

మిర్యాలగూడ రైసుమిల్లుల ఊరు. సాగర్ ఎడమకాలువ కింద పండిన ధాన్యం అంతా అక్కడికే వస్తుంది. సీజనులో ట్రాక్టర్లు రోడ్డు పొడవునా బారులు తీరి వుంటాయి. అక్కడ నేను చూసే ఆడవాళ్లు "దిగులు" అనే మాట వాడరు. ఒళ్లంతా మంటలు, తల తిమ్మిరి, గుండె దడ, అరికాళ్లలో సెగ అంటారు. అప్పటికే సెలైన్ సీసాలు ఎక్కించుకుని, స్కానింగులు తీయించుకుని, అన్నీ బాగున్నాయన్న కాగితాలు సంచినిండా తెస్తారు. "ఏం లేదంటున్నారమ్మా, మరి ఈ మంటలేంది?" అంటారు.

వాళ్లు నటించడం లేదు. దిగులు జబ్బు, అంటే డిప్రెషన్, మన దగ్గర చాలాసార్లు ఒంట్లోనే మాట్లాడుతుంది. ఆకలి చావడం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడం, ఇష్టమైన పని మీదా మనసు పోకపోవడం రెండు వారాలకు మించి వుంటే అనుమానించాలి. దీనికి వాడే మాత్రలు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వారంలో గుణం కనపడలేదని మానెయ్యకండి. బాగయ్యాక కూడా కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాలి. ఇవి మత్తుమందులు కావు, అలవాటుపడతారన్న భయం అక్కర్లేదు.

మిల్లులో హమాలీగా పనిచేసే ఒకాయన భార్యకు ఇలాగే మంటలు. డాక్టరుగారి మాత్రలతో నిద్ర వచ్చింది, తిండి కుదిరింది. సగం తగ్గి అక్కడే ఆగిపోయింది. నాలుగోసారి వచ్చినప్పుడు చెప్పింది. పెద్దకూతురు వేరే కులంవాణ్ణి చేసుకుని వెళ్లిపోయి రెండేళ్లయింది. ఆ పిల్ల పేరు ఇంట్లో ఎత్తకూడదని భర్త ఆన పెట్టాడు. మనుమడు పుట్టాడని బయటివాళ్ల నోట విన్నది. ఏడవడానికి కూడా ఆవిడకు ఇంట్లో చోటు లేదు.

నేను భర్తను పిలిపించాను. కులం మంచిదా చెడ్డదా అని వాదించలేదు. కూతుర్ని ఇంటికి రమ్మనమనీ చెప్పలేదు. ఆ పిల్ల క్షేమం కూడా చూడాలి కదా. "అన్నా, నీ భార్య స్కానింగులకు నువ్వు ఎంత అప్పు చేశావో నాకు తెలుసు. ఆమె తన బిడ్డతో ఫోనులో మాట్లాడుకుంటే నువ్వు అడ్డం చెప్పకు. నేను అడిగేది అంతే" అన్నాను. ఆయన అవుననలేదు, కాదనలేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయటికి వెళ్లి నిలబడ్డాడు. మా ప్రాంతంలో దాన్ని ఒప్పుకోలు కిందే లెక్క వేసుకుంటాం. ఆరు వారాల తరువాత ఆవిడ వచ్చినప్పుడు మంటల మాట నేను అడిగితేనే గుర్తొచ్చింది. మాత్రలు మాత్రం ఏడాదిపాటు వాడింది.

"బతకాలని లేదు" అన్నప్పుడు

ఈ మాట ఎవరు అన్నా బెదిరింపు అనుకోకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగేవాళ్లు దొరికితే భారం దిగుతుంది. మన పల్లెల్లో పురుగుల మందు ఇంట్లోనే, చేతికందే చోట వుంటుంది. శ్రీలంకలో బాగా విషపూరితమైన పురుగుమందులను నిషేధించాక ఆత్మహత్యలు బాగా తగ్గాయి. చెయ్యి చాచగానే అందకపోతే ఆ ఘడియ దాటిపోతుంది. దాటినవాళ్లలో చాలామంది మళ్లీ ప్రయత్నించరు. అంచేత మిగిలిన మందు ఇంటికి తేకండి. తెస్తే పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి వేరేవాళ్ల దగ్గర వుంచండి. అలాంటి మనిషిని ఒంటరిగా వదలకండి. ప్రయత్నం చేసినవాణ్ణి పోలీసు కేసు భయంతో దాచకండి, ముందు ఆస్పత్రికి తీసుకువెళ్లండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, ప్రయత్నం చేసినవాడు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో వున్నట్టే భావించాలి, శిక్షించకూడదు. పగలైనా రాత్రైనా 14416కు ఫోను చేస్తే టెలి మానస్ వాళ్లు డబ్బు తీసుకోకుండా తెలుగులోనే మాట్లాడతారు. ప్రభుత్వం 2022 అక్టోబరులో దీన్ని మొదలుపెట్టింది.

ఇంట్లో మీరు చెయ్యవలసినవి

1. మాత్రల బాధ్యత ఇంట్లో ఒక్కరికే ఇవ్వండి. జబ్బు మనిషికి ఎవరి మీద కోపం తక్కువో వాళ్లకివ్వండి.

2. "నిన్నటికన్నా ఈ రోజు ముందు లేచావు" అని చెప్పండి. పక్కింటి కుర్రవాడితో పోల్చకండి.

3. లేని గొంతులు వినిపిస్తున్నాయంటే, "అబద్ధం" అని వాదించవద్దు, "నిజమే" అని వంత పాడవద్దు. "నాకు వినపడటం లేదు. కాని నీకు భయంగా వుందని తెలుస్తోంది" అనండి.

4. గొలుసులతో, తాళ్లతో కట్టెయ్యకండి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో పాకకు నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టివేసిన 28 మంది కదలలేక కాలిపోయారు. మానసిక చికిత్స చేసే ఏ చోటైనా రోగిని గొలుసుతో కట్టడం ఇప్పుడు చట్ట విరుద్ధం.

5. జబ్బు చాలాకాలంగా వుండి పని చేసుకోలేకపోతే, వైకల్య ధ్రువపత్రానికి అడగండి. 2016 చట్టంలో మానసిక వ్యాధి కూడా వుంది. 40 శాతం, అంతకు మించి అని డాక్టర్లు నిర్ధారిస్తే ప్రభుత్వ సహాయాలకు అర్హత వస్తుంది.

6. చూసుకునేవాళ్లకూ సెలవు కావాలి. నెలకు రెండు రోజులైనా తల్లినో, భార్యనో వాళ్ల పుట్టింటికి పంపి, ఇంకొకరు ఆ పని చూడండి.

మా దగ్గరికి గాని, మీకు దగ్గరలోని ఏ మానసిక వైద్యుల దగ్గరికి గాని వెళ్లేటప్పుడు పాత చీటీలు, మిగిలిపోయిన మాత్రలు అన్నీ ఒక సంచిలో వేసుకు వెళ్లండి. నాటుమందు, తాయెత్తు సంగతి కూడా దాచకండి. ఎవరూ మిమ్మల్ని తిట్టరు. ఇంట్లో ఆ మనిషితో ఎక్కువ సేపు గడిపేది ఎవరో వాళ్లను వెంటబెట్టుకు వెళ్లండి. వాళ్లు ముసలివాళ్లైనా సరే, చదువురానివాళ్లైనా సరే. నేను మొదట మాట్లాడేది వాళ్లతోనే.